రాయవేలూరి కోటలో కాండీరాజు

పేర్ణాంబట్టునుండి గుడియాత్తము, పళ్లికొండల మీదుగా వేలూరికి బోవు మనవారు కోర్టుపనియో ఆసుపత్రిపనియో చూచుకొని తిరిగి వత్తురు. ఆ ప్రాంతముననే మేల్‌మొణవూరులో సింహళద్వీపమునుండి వచ్చిన కాందిశీకుల నివాసమును, నగరమున కోటయు, పాలాటి యొడ్డున ముత్తుమండపమును గలవు. ఈ మూడింటిని గలుపు కథలో తెలుగువారికిని భాగమున్నదని యెరిగినవారు కొద్ది.

కాండీరాజ్యము నేలిన వీరనరేంద్రసింహుడు 1739లో పట్టపురాణివలన సంతానము లేక మరణించెను. మధుర నాయకుల బంధువర్గమునుండి కన్యలను దెచ్చుకొనుట ఆ రాజులకు ఆచారము. అందుచే రాణిగారి సోదరుడే శ్రీవిజయరాజసింహుడను పేర గద్దె నెక్కెను. తెలుగు మూలముగల ఈ నాయకులు నలుగురు వరుసగా 1815 వరకు, అనగా 76 ఏండ్లు, పాలించిరి. వారు ఆ దేశపు మతమును తమదిగా పోషించిరి. కీర్తిశ్రీరాజసింహుడు సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి, అచ్చట అంతరించియుండిన ఉపసంపదను 1753లో మరల నెలకొల్పెను. సయాము నికాయము నేటికిని ఆ ద్వీపమున ప్రధానమైన భిక్షుసంఘము.

ఇంత చేసినను పరాయితనము పోలేదు. కడపటి రాజైన శ్రీవిక్రమరాజసింహుడు క్రూరకృత్యములు చేసినమాట నిజమే. దానిని మేము కప్పిపుచ్చము. ప్రధానులు ఆంగ్లేయులతో గలిసిరి. 1815 ఫిబ్రవరి 18న రాజు పట్టుబడెను. మార్చి 2న జరిగిన ఒడంబడిక అతనిని తొలగించుటతో ఆగలేదు. ‘మలబారు జాతి’కి ఆ సీమపై ఏ హక్కును లేదనియు, రాజబంధువులైన పురుషులు అనుమతిపత్రము లేక అందు అడుగిడరాదనియు శాసించెను. నాలుగు తరముల తెలుగునాయకులు ఒక్క కాగితముతో మలబారువారైరి. గుమాస్తాపని చేసినవారము గనుక, దస్తావేజులో పడిన మాటకెంత బరువో మాకు తెలియును.

1816లో రాజును కుటుంబముతో ఓడపై మదరాసునకు దెచ్చి, వేలూరి కోటలో నుంచిరి. టిప్పు సంతతివారిని 1806 తిరుగుబాటు వరకు ఉంచినదియు ఈ కోటయందే. పింఛను దొరకెను గాని స్వదేశమునకు మరలు దారి మూసుకొనిపోయెను. 1832 జనవరి 30న అతడు ఇచ్చటనే కన్నుమూసెను. సమాధిచోట ముత్తుమండపము 1990లో వెలసినది.

మనకట్టి యిక్కట్టు కలుగలేదు. 1911లో చిత్తూరుజిల్లా వేరుపడినప్పుడును, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడును మనము గీతకు ఇవతల నిలిచితిమి. అయినను నీవెవ్వడవని ఎవ్వరును అడుగలేదు. సింహళపు తేయాకుతోటల కూలీలకు ఆ భాగ్యము లేదు. 1948 నాటి పౌరసత్వపు చట్టముచే వారిలో అత్యధికులు ఏ దేశమునకును చెందనివారైరి. 1964 అక్టోబరు 30న శాస్త్రి, సిరిమావోలు చేసికొన్న ఒప్పందమున 5,25,000 మంది భారతమునకు, 3,00,000 మంది ఆ దేశమునకు అని లెక్కవేసి, మిగిలిన 1,50,000 మంది సంగతి తరువాత చూతమనిరి. బియ్యపు బస్తాలనైన నింతకంటె శ్రద్ధతో పంచుకొందురు.

1983 జూలై మారణకాండ తరువాత పడవలపై వేలకొలది జనము తమిళనాట దిగిరి. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో మన దేశము చేరలేదు గనుక, వారికి నీడ దొరకెను, స్థిరనివాసపు హక్కు దొరకలేదు. 1987 జూలై 1 తరువాత ఇచ్చట పుట్టిన బిడ్డకు తల్లిదండ్రులలో ఒకరైన పౌరులు కానిచో జన్మహక్కు లేదు. అట్టి బిడ్డలే పెరిగి, తామును తల్లిదండ్రులైనారు.

2021 నవంబరు 2న ముఖ్యమంత్రి స్టాలిన్ మేల్‌మొణవూరుననే ఈ కాందిశీకులకు 3,510 క్రొత్త యిండ్ల నిర్మాణమునకు నాంది పలికెను. అంతకుముందే ‘శరణార్థి శిబిరము’ అను పేరు ‘పునర్వాస శిబిరము’గా మారెను. 2025లో కేంద్రప్రభుత్వము, 2015 జనవరి 9లోగా వచ్చి నమోదైన సింహళపు తమిళులకు పాస్‌పోర్టు, వీసాలు లేవను కారణమున శిక్ష లేకుండ సడలింపు నిచ్చెను. పౌరసత్వమును గూర్చి ఆ యుత్తరువున మాట లేదు.