పేరుబిళ్ల కథ

మహానంది క్షేత్రమునకు వచ్చు యాత్రికులు కోనేటి నీటి నిర్మలత్వమును చూచి ముగ్ధులగుదురు. ఆ చుట్టుపట్ల నున్న నందుల పేర్లను మాత్రము అంతగా తలపోయరు. ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది, శివనంది, కృష్ణనంది, గరుడనంది, వినాయకనంది, మహానంది అనునవి నవనందులు. అన్నియు నందులే. ముందున్న మాటయే దేనికదియే వేరని తెలుపుచున్నది. పదుగురు చేరిన చోట పేరు చేయవలసిన పని యిదియే. నేటి సభలలో ప్రతినిధుల ఱొమ్మున కనిపించు పేరుబిళ్లకును మూలసూత్ర మిదియే.

బిళ్ల మనకు క్రొత్తది కాదు. దొరల కచేరీలలో బిళ్లబంట్రోతు ధరించిన యిత్తడిబిళ్లపై కచేరీ పేరుండెడిది గాని బంట్రోతు పేరుండెడిది కాదు. అతడెవరో అది చెప్పదు, ఎవరి కొలువువాడో చెప్పును. ప్రాంతములకును ఇట్టి బిళ్లలు తగిలించుట కలదు. 1800లో నిజాము ఈ సీమలో అధికభాగమును ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేయగా, దీనికి దత్తమండలమను పేరు వచ్చినది. ఆ పేరులో ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఉన్నారు, ఇచ్చటి ప్రజలు లేరు. 1928 నవంబరులో మహానందికి సమీపమున నున్న నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగినపుడు, చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరును సూచించిరి. విజయనగర రాయల యేలుబడిని స్మరింపజేయు ఆ పేరును జనులు తమదిగా స్వీకరించిరి.

సీమకు తన పేరు దక్కినట్లే, సభకు వచ్చిన మనిషికిని తన పేరు తన లిపిలో దక్కవలదా? 1746 నాటికే జర్మనీలోని హాలే నగరమున తెలుగు పుస్తకము అచ్చయినది. అయినను ఒక్కొక్క ప్రతినిధికి ఒక్కొక్క పేరు అచ్చొత్తుట చిరకాలము కష్టముగనే యుండెను. గుణింతములకును ఒత్తులకును వందలకొలది సీసపు అచ్చులు కావలెను. ఒక్క బిళ్లకొరకు కంపోజిటరు పేరు కూర్చి, మరల విప్పవలెను. కావున సభ పేరును మాత్రము అచ్చువేసి, మనిషి పేరునకు ఖాళీ విడుచుట సులువుగ నుండెడిది.

1978లో అమెరికాలో డొనాల్డ్ నూత్ అను గణితవేత్త టెక్ అను అక్షరకూర్పు సాఫ్ట్‌వేరును వెలువరించెను. తొలుత తెలుగును రోమను అక్షరములలో టైపుచేసి, పిదప తెలుగులోనికి మార్చుకొనవలసి వచ్చెడిది. 1991లో యూనికోడు తెలుగు అక్షరములకు సంకేతసంఖ్యల నిచ్చినది. 2004లో వచ్చిన జీటెక్ ఆ సంకేతములను నేరుగ గ్రహించినది. ఇప్పుడు పేర్ల పట్టిక ఒకచోటను, బిళ్ల రూపము మరియొకచోటను వ్రాసియుంచిన చాలును. సాఫ్ట్‌వేరు ఒక్కొక్క పేరును తీసి ఒక్కొక్క చట్రమున నిలుపును. 210 × 297 మిల్లీమీటర్ల కాగితముపై 90 × 54 మిల్లీమీటర్ల బిళ్లలు వరుసకు రెండు చొప్పున పది పట్టును. నూరుగురు ప్రతినిధులకు పది కాగితములు చాలును.

పని సులువైనంత మాత్రమున పేరు సరియైనదని తలపరాదు. రోమను లిపిలో రమయు రాముడును సాధారణముగ ఒకే తీరున కనిపింతురు. తెలుగులో ఒక్క దీర్ఘము వారిని వేరుచేయును. లక్ష్మి యను పేరులో మూడు హల్లులు కలిసి, పైన గుడి నిలువవలెను. కూర్పు తెలియని సాఫ్ట్‌వేరు వానిని పొల్లులతో విడదీసి చూపును. మరియు పరదేశపు నమూనాలలో ఇంటిపేరు చివరనుండును, మనకు మొదట నుండును. ఆ నమూనాను గ్రుడ్డిగ ననుసరించినచో చిలుకూరి నారాయణరావుగారి ఇంటిపేరు రావుగా మారిపోవును!

కావున సభానిర్వాహకులకు మా మనవి యొక్కటే. బిళ్లలు అచ్చువేయుటకు ముందు పేర్ల పట్టికను ప్రతినిధుల చేతనే ఒకసారి చదివింపుడు. సీమ పేరును సీమవారే నిర్ణయించుకొన్న ఈ గడ్డపై, మనిషి పేరులోని తప్పొప్పులను నిర్ణయించు హక్కును ఆ మనిషిదే.