ఇంటిదోమల పరిశీలన: కృష్ణా డెల్టా

గ్రామీణ గృహములలో పగలు నక్కియుండు దోమలను పట్టి, జాతులవారీగ వేర్పరచి, వానిలో ఏది మనుష్యరక్తమును గ్రోలుచున్నదో, ఏది రోగమును మోయుచున్నదో నిర్ణయించు కృషికి ఇంటిదోమల పరిశీలన యని పేరు. మంచినీటి కాలువలు, వరిమళ్లు, ఊరిచెరువులు, మురుగుగుంటలు, ఉప్పుపర్రలు కొలది మైళ్లలోపలనే కలిసియుండు బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములు ఈ కృషికి మిక్కిలి తగినవి; ఏలయన ఒక్కొక్క తీరు నీటిలో ఒక్కొక్క జాతి దోమ పెరుగును.

ఈ శాస్త్రము తెలుగునేలపైననే, అదియును ఒక వైఫల్యముతో, ప్రారంభమైనదని చెప్పవచ్చును. సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1895 నుండి, విరివిగ దొరకు బూడిదవన్నె దోమలను, చారల దోమలను కోసి చూచి, వానిలో ఏమియు గానక, తుదకు 1897 ఆగస్టు 20వ తేదీన మచ్చల రెక్కలు గల అనోఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. లెక్కకు మిక్కిలియైన దోమయే రోగమునకు మూలమనుకొనుట పొరపాటని దీనివలన తేలినది. 1899లో జైల్సు ఒక అనోఫిలిస్ జాతికి రాస్ పేరే పెట్టెను గాని, అదే సంవత్సరమున గ్రాసీ యిచ్చిన సబ్‌పిక్టస్ అను నామమే నిలిచినది. రాస్ పేరు కొంతకాలము ధరించిన ఆ దోమ ప్రధానముగ పశురక్తమును కోరునది. వాననీటి గుంటలలోను, గిలకలదిండి వంటి రేవుపల్లెల చెంత నుండు ఉప్పుకయ్యలలోను పెరుగగలదు.

జాతులను గుర్తించుటకు 1904లో జేమ్సు, లిస్టనుల గ్రంథము, 1933లో క్రిస్టోఫర్సు, మరుసటి యేట బరాడు రచించిన సంపుటములు ఆధారములైనవి. 1927లో మలేరియా సర్వే ఆఫ్ ఇండియా అను పరిశోధనసంస్థ యేర్పడినది.

పరిశీలకుడు తెల్లవారుజామున, రాత్రి రక్తము త్రాగిన దోమలు ఇంకను గోడలను విడువకమునుపే, టార్చిలైటును, రబ్బరుగొట్టము తగిలించిన గాజునాళమును చేతబట్టి పూరిండ్ల చూరుక్రింద, దండెమున వ్రేలాడు బట్టలచాటున, మంచముల క్రింద, పశువుల కొట్టములలో వెదకి, ఒక మనిషి ఒక గంటలో పట్టిన దోమలెన్ని యని లెక్కించును. మరియొక పద్ధతిలో నేలనెల్ల తెల్లదుప్పట్లు పరచి, తలుపులు మూసి, పైరెత్రము మందు చిమ్మి, రాలినవానిని ఏరుకొందురు. వేకువను వంటింటిలోనికి దీపముతో చొరబడు అపరిచితుని ఏ గృహిణి హర్షించును? పరిశీలకుని నేర్పులో సగము గడప దాటకమునుపే వెల్లడి కావలసియుండును. పిమ్మట భూతద్దము క్రింద రెక్కల మచ్చలను చూచి జాతిని, ఉదరమును చూచి రక్తము త్రాగినదో లేదో నిర్ణయించి, లాలాజల గ్రంథులను కోసి రోగక్రిములను వెదకుదురు.

కృష్ణానదిపై 1855లో పూర్తియైన ఆనకట్ట వలన డెల్టా సస్యశ్యామలమైనది. దోమలకును నీరు దొరకినది. సాగునీటికిని దోమకును గల ఈ సంబంధమును పరిశీలించుచు, తంజావూరు జిల్లా పట్టుకోట ప్రాంతమున రస్సెల్, రామచంద్రరావులు నాట్లు వేసిన క్రొత్తలో వరిమళ్లలో పెరుగు అనోఫిలిస్ క్యులిసిఫేసిస్ దోమ, పైరు ఎదిగినకొలది తొలగిపోవునని కనుగొనిరి. మెదడువాపును వ్యాపింపజేయు క్యూలెక్సు జాతులును వరిమళ్లలోనివే గాని అవి ఎక్కువగ ఆరుబయట విశ్రమించును. కావున ఇండ్లలో మాత్రమే వెదకువాడు వానిని సరిగ అంచనా వేయజాలడు. చెరువులలోని మాన్సోనియా దోమల పిల్లపురుగులు అంతరతామర వేళ్లకు తమ శ్వాసనాళమును గ్రుచ్చి అడుగుననే గాలి పీల్చుకొనును గనుక, పైనీటిని గరిటతో తోడినవానికి దొరకవు. మురుగునీటి క్యూలెక్సు బోదకాలునకు వాహకము. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైన పిదప దీని గణనకు ప్రాధాన్యము హెచ్చినది.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమై గోడలపై డి.డి.టి. చల్లబడగా, దేశమున మలేరియా కేసులు 1965 నాటికి సుమారు లక్షకు దిగినవి. 1976లో మరల 64 లక్షలు దాటినవి. మందుకు దోమ లొంగకపోవుట ఒక కారణము. మందుపై నమ్మకము పెరిగినకొలది దోమను గుర్తించు నేర్పు తరుగుటయు మరియొక కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

డెంగీ వ్యాపించినప్పటినుండి పరిశీలన గోడలనుండి తొట్లు, డ్రమ్ములు, పాతటైర్లు, కొబ్బరిచిప్పలవైపునకు మరలినది. నూరిండ్లలో డెంగీని మోయు ఏడిస్ దోమ పిల్లపురుగులున్న ఇండ్లెన్ని యనునది నేటి ముఖ్య సూచికలలో ఒకటి. ఏడిస్ గ్రుడ్లు నీటిమట్టమునకు పైన తొట్టిగోడకు అంటుకొని, నీరెండినను నెలల తరబడి చెడక యుండును. కావున వారమునకొకమారు నీరు పారబోయుటతో సరిపుచ్చక, తొట్టి లోపలి అంచును గట్టిగ తోమి కడుగవలెను.