చిటికెనవ్రేలు: శిల్పమును వైద్యమును

శిల్పికి మానవదేహము మాతృక. వైద్యునకు అదియే కార్యక్షేత్రము. ఇరువురును చదువవలసిన గ్రంథమొక్కటియే యైనను, మన దేశమున వారు చిరకాలము ఒకరి మొగమొకరు చూడక బ్రదికిరి. ఈ యెడబాటు ఎట్లు కలిగినది, దానివలన మనకు వాటిల్లిన నష్టమెట్టిది, అను విషయమును చరిత్రానుసారముగా విచారింపదలచితిమి.

ఈ విచారమునకు మా ప్రాంతపు స్థలపురాణమొకటి తగిన యుపోద్ఘాతముగా నున్నది. కడప జిల్లాలో చక్రాయపేట చెంత పాపఘ్నీనది కొండలను చీల్చుకొని పోవు చోటును గండి యందురు. అచ్చటి వీరాంజనేయుని రూపమును శ్రీరాముడు బాణాగ్రముతో శిలపై గీచెననియు, ఎడమచేతి చిటికెనవ్రేలు మాత్రము కొఱతవడెననియు, తరువాతి కాలమున దానిని పూరింపగోరి ఉలి తగిలింపగా నెత్తురు స్రవించెననియు జనులు చెప్పుకొందురు. భక్తులకిది దైవమహిమ. దీనిని చరిత్రగా మేము గ్రహింపజాలము. కాని యిందలి భావము మాత్రము గమనింపదగినది. రాతివ్రేలిలో సహితము నెత్తురు పాఱునని తలచిన జనులకు ప్రతిమ వట్టి గుర్తు గాదు, నొప్పి నెఱిగిన దేహము. అట్టి జనుల పూర్వులు దేహమును ఎట్లు పరీక్షించిరో చూతము.

మొట్టమొదట గమనింపవలసినది కొలత. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము పురుషులను హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకులని యైదు తెగలుగా విభజించి, హంసునకు 108 అంగుళములు, శశకునకు 90 అంగుళములు ఉన్నతి విధించినది. మొగము 12 అంగుళములు. అది యొక తాళము. అట్టివి తొమ్మిది చేరిన హంసుని దేహమగును. ఇక వైద్యగ్రంథములను తెఱచినచో, సుశ్రుతము పురుషుని పొడవు 120 అంగుళములనియు, చరకము 84 అంగుళములనియు చెప్పుచున్నవి. సంఖ్యలు కలియవు గాని కొలబద్ద యొక్కటే. ఎవని దేహమును వాని వ్రేలితోనే కొలువవలెనని యెల్లరును చెప్పిరి. పొట్టివాడైనను పొడగరియైనను అవయవముల పొందికయే ప్రధానమని దీని తాత్పర్యము. శిల్పి యా పొందికతో సౌందర్యమును సాధించెను. వైద్యుడు దానినిబట్టి రోగి యాయువును బలమును అంచనా వేసెను.

కొలతతో సుశ్రుతుడు తృప్తినొందలేదు. శస్త్రవైద్యము నేర్వగోరువాడు శవమును శోధింపవలెనని శారీరస్థానమున స్పష్టముగా విధించెను. విషముచే మరణింపనిదియు, దీర్ఘవ్యాధిచే శిథిలము కానిదియు, అవయవములన్నియు గలదియు నగు శవమును గ్రహించి, ముంజ, దర్భ, జనుము మొదలగువానిలో నొకదానితో చుట్టి, పంజరమున నుంచి, పాఱునీటిలో మఱుగుచోట నానవేయవలెను. ఏడు రాత్రులు గడచిన పిదప వెలికిదీసి, వట్టివేళ్లతో గాని వెంట్రుకలతో గాని వెదురుతో గాని చేసిన కుంచెతో మెల్లమెల్లగా రాచుచు, చర్మము మొదలు లోపలి యంగములవఱకు కన్నులార చూడవలెను. చిత్రకారుడు కుంచెతో పొరమీద పొర వేయును. ఈ వైద్యవిద్యార్థి కుంచెతోనే పొరవెంట పొర తీయుచున్నాడు! సుశ్రుతుని లెక్కలో ఎముకలు 300. నేటి శాస్త్రము ప్రకారము పెరిగిన మనుష్యునకు 206. పండ్లను, మృదులాస్థులను గూడ చేర్చి యెంచుటచే ఈ యంతరము చాలవఱకు కలిగినది. లెక్క భిన్నమైనను కన్నులతో చూడుమన్న పద్ధతి మాత్రము నేటికిని చెల్లునదియే.

ఇంత యెఱిగిన దేశమున శిల్పములలో ఎముకలును నరములును ఏల కానరావని కొందఱు పాశ్చాత్యులు ప్రశ్నించిరి. కారణము అజ్ఞానము గాదు. కీళ్లు, ఎముకలు, ధమనులు మఱుగుపడియుండు ప్రతిమయే శుభావహమని శుక్రనీతి చెప్పుచున్నది. దాచుమని చెప్పుటకు ముందు అవి యెచ్చటనున్నవో తెలిసియుండవలెను గదా! లేపాక్షిలో అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు నాట్యమండపమున భృంగి మూడు కాళ్లతో నిలిచియున్నాడు. పార్వతి శాపమున మాంసము పోగా ఎముకలు నిలువలేకపోయెననియు, శివుడు కరుణించి మూడవకాలు ప్రసాదించెననియు కథ. కండరములు లేని యస్థిపంజరము తనంతట నిలువజాలదని యీ కథ కల్పించిన వారికి చక్కగా తెలియును.

మన యాంధ్రదేశమున ఒకప్పుడు శిల్పియు వైద్యుడును ఒకే నీడను జీవించిరి. రుద్రమదేవి కాలమునాటి మల్కాపుర శాసనము, క్రీ. శ. 1261 నాటిది, విశ్వేశ్వరశివాచార్యుల ధర్మములను వర్ణించుచు ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొనుచున్నది; వైద్యునకును, వడ్రంగి, కుమ్మరి మొదలగు పనివారికిని అందే జీవనము కల్పింపబడినది.

అట్లయిన యెడబాటు ఎచ్చటనుండి వచ్చినది? చేతితో పనిచేయువానిని హీనునిగా చూచుటనుండి వచ్చినదని మా యభిప్రాయము. మనుస్మృతి చికిత్సకుని శ్రాద్ధమునకు అనర్హునిగా గణించినది. కారుకుని యన్నమును, వైద్యుని యన్నమును దాదాపు ఒక్కచోటనే నిషేధించినది. శవమును తాకుట మైల, నెత్తురు తాకుట మైల. ఇట్లు చదివినవాడు చేయి ముడుచుకొనెను. చేయి గలవానికి చదువు లేకపోయెను. వైద్యుడు శ్లోకములను వల్లించుచు ఎముకలను చూడకయే లెక్కించెను. శిల్పి తండ్రి నేర్పిన కొలతలను, వాని హేతువెఱుగకయే, అనుసరించెను.

విద్య నశింపలేదు, చేతులు మాఱినది. 1794లో లండను నగరపు జెంటిల్మన్స్ మ్యాగజైనులో ఒక వృత్తాంతము వెలువడెను. ఇంగ్లీషు సేనలో బండితోలు కావస్జీ యనువానిని టిప్పూ సైనికులు పట్టుకొని ముక్కు కోసిరి. పూనా దగ్గఱ ఇటుకలు చేయు కులమువాడొకడు మైనముతో ముక్కును మలచి, దానిని చదును చేసి నుదుటిమీద పఱచి, గీత గీచి, ఆ కొలత మేరకు చర్మమును కోసి క్రిందికి మలచి, క్రొత్త ముక్కును నిర్మించెను. మైనపుబొమ్మ చేయు నేర్పు శిల్పిది. చర్మము బ్రదుకునట్లు కోయు నేర్పు వైద్యునిది. సుశ్రుతుడు చెప్పిన విద్య యిటుకల పనివాని చేతిలో సజీవముగానుండగా, పండితులకు దాని జాడయే లేకపోయెను! 1814లో కార్ప్యూ యను వైద్యుడు లండనులో ఈ పద్ధతి ననుసరించి శస్త్రచికిత్స చేసెను.

ఐరోపాలో ఈ రెండు విద్యలును ముందే చేయికలిపినవి. లియొనార్డో డావించి శవములను కోసి చిత్రించెను. 1543లో వెసాలియసు బేసిలు నగరమున ముద్రింపించిన శరీరనిర్మాణ గ్రంథము, వైద్యుని కత్తికిని చిత్రకారుని కుంచెకును పుట్టిన బిడ్డ. మనకట్టి దినము 1836లో వచ్చినది. సంస్కృత కళాశాలలో ఆయుర్వేదము బోధించిన మధుసూదనగుప్తుడు కలకత్తా వైద్యకళాశాలలో శవమును కోసి, పాశ్చాత్య శారీరగ్రంథమొకదానిని సంస్కృతీకరించెను. ఆయన పూర్వాచారమును ధిక్కరించెనని నాడు పలికిరి. ఆయన సుశ్రుతుని విధిని మరల నిలిపెనని మేమందుము.

ఇందువలన కలిగిన ఫలమును చూపుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. కుష్ఠురోగమున మోచేతి వెనుకగా పోవు నరము చెడి, చిటికెనవ్రేలును ఉంగరపువ్రేలును మొదట కొక్కెములవలె ముడుచుకొనును. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అట్టి చేతులను శ్రద్ధతో పరీక్షించెను. వ్రేళ్లు తమంతట కుళ్లి రాలునను నమ్మకము తప్పనియు, స్పర్శ లేనందున కాలినను తెగినను రోగి యెఱుగక పోవుటయే హేతువనియు గ్రహించెను. చెడిన కండరముల పనిని బాగుగానున్న వేఱొక స్నాయువుచే చేయించి, ముడిచిన వ్రేళ్లను చాపించెను. అటుపిమ్మట ఆ చేతులకు వడ్రంగము మొదలగు పనులు నేర్పిరి. ఊరివారు వెలివేసిన చేయి మరల ఉలి పట్టినది.

కావున చదువరులను మేమడుగునది యిది. నేటి వైద్యవిద్యార్థి చేయి పనితనము నేర్చునది శవముమీదనే. ఆ శవములలో నెన్నియో దిక్కులేని బీదలవి. బ్రదికినపుడు వైద్యమునకు నోచని వారి దేహములు చచ్చిన పిదప చదువునకు పనికివచ్చుచుండగా, ఆ చదువు ఫలము ననుభవించు మనము మైల యని తొలగుట న్యాయమా? వెన్నెముకను దేవతలకిచ్చిన దధీచిని కొనియాడు జాతికి దేహదానము పరధర్మము కాదు. మరణానంతరము తన దేహమును వైద్యకళాశాలకిమ్మని చదువుకొన్నవాడు బ్రదికియుండగనే యింటివారికి చెప్పి, కాగితముమీద వ్రాసియుంచవలెను.

అట్లే పాఠశాలలలో శరీరశాస్త్రమును కంఠపాఠముగాను, చిత్రలేఖనమును తీఱికవేళ వినోదముగాను వేఱుపఱచుట మానవలెను. తన చేతిని ముందుంచుకొని దాని కణుపులను తానే కొలిచి గీచిన బాలుడు రెండు విద్యలకును తొలి పాఠము నేర్చినవాడగును. అందుకు ఖర్చు లేదు, పరికరములును అక్కఱలేదు. ఒక కాగితమును, ఒక పెన్సిలును, తన వ్రేలును చాలును.