వేడి ప్రాంతాల్లో మోటారుసైకిల్ ఇంజిన్ ఆయిల్ ఎంపిక

మోటారుసైకిల్ ఇంజిన్ ఆయిల్ అంటే అధిక శాతం నాలుగు స్ట్రోకుల బైకుల్లో ఇంజిన్‌కు, గేర్లకు, తడి క్లచ్‌కు ఉమ్మడిగా పనిచేసే కందెన. వేడి ప్రాంతానికి ఒక ఉదాహరణ, తిరువళ్లూరు మీదుగా చెన్నై–తిరుపతి రహదారిపై ఉన్న తిరుత్తణి. ఇక్కడ మే నెలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆయిల్ ఎంపికలో ఈ ఎండ కంటే ఇంజిన్ లోపలి వేడే ముఖ్యం. అందుకే ఆయిల్ చిక్కదనాన్ని వర్గీకరించే ఎస్‌ఏఈ జె300 ప్రమాణం 10డబ్ల్యూ-30 వంటి గ్రేడ్ పేరులోని రెండో అంకెను 100 డిగ్రీల వద్ద చిక్కదనంతో నిర్ణయిస్తుంది: 30కి 9.3–12.5, 40కి 12.5–16.3, 50కి 16.3–21.9 సెంటీస్టోక్స్. ‘డబ్ల్యూ’కు ముందున్న అంకె చలిలో ప్రవాహానికి సంబంధించినది.

ఎండాకాలంలో చిక్కటి ఆయిలే మేలన్న వాదన కొంతవరకే నిజం. గాలితో చల్లబడే ఇంజిన్ నెమ్మదిగా సాగే ట్రాఫిక్‌లో బాగా వేడెక్కి ఆయిల్ పొర పలచబడుతుంది. అయితే 10డబ్ల్యూ-30కి రూపొందించిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే ఘర్షణ నష్టం, ఇంధన ఖర్చు పెరుగుతాయి. ఘర్షణ తగ్గించే రసాయనాలున్న కారు ఆయిల్ తడి క్లచ్‌ను జారేలా చేయవచ్చు. జపాన్ 1998లో తెచ్చిన జాసో ఎంఏ ప్రమాణం ఈ జారుడును అరికట్టేందుకే. కనుక తయారీదారు పుస్తకం అనుమతించిన గ్రేడ్లలోనే చిక్కనిదాన్ని ఎంచుకోవడం సరైన పద్ధతి.