మినమాత పిల్లులు ఎందుకు నర్తించాయి?



మొన్న సాయంకాలం దీపాలు పెట్టే వేళ మా ఇంటి పిల్లికూన ఉన్నట్టుండి చెవులు వెనక్కి వాల్చి, తోక కుచ్చులా ఉబ్బించి, ఈ గోడ నుండి ఆ గోడకు పరుగులు తీసి, చివరకు నా పంచె అంచును గోళ్లతో చీరివేసింది. మనుమరాలు బెదిరిపోయి "తాతయ్యా, దీనికి పిచ్చెక్కిందా?" అని అడిగింది. పొరుగింటి పెద్దావిడ "గాలి సోకి ఉంటుంది మాస్టారూ, ఉప్పూ మిరపకాయలూ దిగదుడవండి" అని సలహా ఇచ్చారు. పావుగంట గడిచేసరికి ఆ కూన ఏమీ ఎరగనట్టు నా ఒడిలోనే నిద్రపోయింది.

దీనిలో వింత ఏమీ లేదు. పిల్లి సంధ్యాకాలాల్లో వేటాడే జంతువు. పగలంతా నిద్రించిన కూనలో దాగిన శక్తి ఆ వేళకు ఉరకలు వేస్తుంది. తోబుట్టువుల మధ్య పెరిగిన కూన ఎంత కరిస్తే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో ఆటలోనే నేర్చుకుంటుంది. ఎనిమిది వారాలైనా నిండకుండా తల్లి నుండి వేరుచేసిన ఒంటరి కూనకు ఆ పాఠం అందదు. కిటికీ ఆవల పరాయి పిల్లి కనబడితే, దానిపై చూపలేని కోపాన్ని దగ్గరున్న మన కాలిపై చూపుతుంది. ఒంటినిండా గోమార్లున్నా, చెవిలో బాధ ఉన్నా, ఎక్కడో దెబ్బ తగిలినా తాకనివ్వదు. ఇవన్నీ సామాన్య కారణాలు. ఇవి గాక విషము, వ్యాధి అనే మరి రెండు కారణాలున్నాయి. నేడు నేను చెప్పదలచినది వాటి చరిత్ర.

మనకు తెనాలి రామకృష్ణుని పిల్లి కథ తెలుసు. పాలగిన్నె చూడగానే ఆ పిల్లి పరుగెత్తిపోయింది. సభలోని వారంతా విస్తుపోయారు. మొదటి రోజున మరిగే పాలు పెట్టి మూతి కాల్చిన సంగతి వారికి తెలియదు గదా! చిన్నప్పుడు ఈ కథ విని నవ్వుకున్నాము. కాని అందులో గంభీరమైన విషయమొకటి ఉన్నది. పిల్లి ప్రవర్తన వింతగా ఉన్నదంటే, దాని గిన్నెలో మనిషి ఏమి పోశాడో ముందు చూడాలి. జపాను దేశంలో ఒక ఊరివారు ఈ సత్యాన్ని ప్రాణాలిచ్చి తెలుసుకున్నారు.

క్యూషూ దీవిలో, కుమమోతో మండలంలో, షిరనుయి సముద్రపు ఒడ్డున మినమాత అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ 1908లో ఒక రసాయన కర్మాగారం వెలసింది. అదే తరువాతి కాలంలో చిస్సో అనే పేరుతో లోకమెరిగిన సంస్థ. చిస్సో అంటే జపాను భాషలో నత్రజని. మొదట ఎరువులు చేసేవారు. 1932 నుండి ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారీ మొదలుపెట్టారు. ఆ ప్రక్రియలో పాదరసపు లవణాన్ని ఉత్ప్రేరకంగా వాడేవారు. మిగిలిన వ్యర్థజలాన్ని హ్యక్కెన్ రేవు దగ్గర మినమాత అఖాతంలోకి వదిలేవారు. ఊరికి ఉద్యోగాలు వచ్చాయి, పురపాలక సంఘానికి పన్నులు వచ్చాయి. ఆ నీటిలో ఏమున్నదని అడిగినవారు అరుదు.

1950ల తొలినాళ్లలో బెస్తవాడలలో వింతలు కనబడసాగాయి. చేపలు నీటిపై తేలాయి. ఆకాశాన ఎగిరే కాకులు నేల రాలాయి. అన్నిటికన్నా భయంకరమైనది పిల్లుల స్థితి. నోట చొంగ కార్చుకుంటూ తూలి, ఒక్కసారిగా గిరగిర తిరిగి, గోడలకు ఢీకొని, ఎగిరెగిరి పడి, కొన్ని సముద్రంలో దూకి చనిపోయేవి. జనం దానికి "పిల్లుల నాట్యరోగం" అని పేరు పెట్టారు. 1954 ఆగస్టు 1న స్థానిక వార్తాపత్రికలో ఒక చిన్న వార్త వచ్చింది. మోదో అనే బెస్తవాడలో పిల్లులు దాదాపుగా నశించాయనీ, ఎలుకలు విపరీతంగా పెరిగిపోయాయనీ, వాటిని వదిలించమని జాలరులు పురపాలక కార్యాలయానికి మొరపెట్టుకున్నారనీ ఆ వార్త సారాంశం. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అంటాము మనం. అక్కడ సామెత తిరగబడింది. ఐనా అధికారులకు కనబడినది ఎలుకల బెడద మాత్రమే. పిల్లులు ఎందుకు చచ్చిపోతున్నాయని అడిగినవాడు లేడు.

రెండేళ్లు గడవకముందే ఆ ప్రశ్న మనుషుల ఇళ్లలోకి వచ్చింది. 1956 ఏప్రిల్ 21న ఆరేళ్లు నిండని ఒక బాలికను కర్మాగారపు ఆసుపత్రికి తీసుకువచ్చారు. నడక తడబడుతున్నది, మాట తొట్రుపడుతున్నది, ఒళ్లు కొంకర్లు పోతున్నది. కొద్ది రోజులకే ఆమె చెల్లెలికీ అదే స్థితి. ఆ ఆసుపత్రి అధిపతి హోసొకావా హాజిమే అనే వైద్యుడు. నరమండలానికి సంబంధించిన, కారణం తెలియని వ్యాధి ఒకటి వ్యాపిస్తున్నదని ఆయన మే 1న ఆరోగ్యకేంద్రానికి తెలియజేశాడు. మినమాత వ్యాధిని అధికారికంగా గుర్తించిన దినంగా చరిత్రకారులు ఆ తేదీనే చెబుతారు.

మొదట అంటువ్యాధి అనుకున్నారు. రోగుల ఇళ్లకు క్రిమిసంహారకాలు చల్లారు, రోగులను వేరుచేశారు. ఇరుగుపొరుగులు వారి ఇంటి గడప తొక్కడం మానివేశారు. రోగంకన్నా ఆ వెలివేత మరింత బాధించిందని ఆ కుటుంబాలవారు తరువాత చెప్పుకున్నారు. ఆ సంవత్సరాంతానికే కుమమోతో విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇది అంటువ్యాధి కాదని తేల్చారు. అఖాతంలోని చేపలు, నత్తగుల్లలు తినడం వల్ల కలిగిన లోహవిష ప్రభావమన్నారు. ఏ లోహమో మాత్రం తెలియలేదు. మాంగనీసు అన్నారు, సెలీనియం అన్నారు, థాలియం అన్నారు.

ఇక్కడ మరల పిల్లులే సాక్ష్యం చెప్పాయి. 1957లో స్థానిక ఆరోగ్యకేంద్రపు అధిపతి ఇతో హసువో అఖాతపు చేపలను పిల్లులకు పెట్టి చూశాడు. కొన్ని వారాలకే వాటికి నాట్యరోగం వచ్చింది. 1958లో అక్కడికి వచ్చిన బ్రిటిషు నాడీవైద్యుడు డగ్లస్ మెకాల్పైన్ ఈ లక్షణాలు సేంద్రియ పాదరస విషానికి సరిపోలుతున్నాయని గుర్తించాడు. విత్తనాలకు పట్టించే పాదరసపు మందు తయారుచేసే కర్మాగారంలో పనిచేసిన ఇంగ్లండు కార్మికుల గురించి 1940లో వెలువడిన వైద్యనివేదికలో ఇవే లక్షణాలున్నాయి. 1959 జులై 22న విశ్వవిద్యాలయం వారు కారణం సేంద్రియ పాదరసమని ప్రకటించారు.

ఆ విషం పనిచేసే తీరు ఇది. కర్మాగారంలోనే పాదరసంలో కొంత భాగం మిథైల్ మెర్క్యురీగా మారేది. అది నీటిలోని సూక్ష్మజీవులలో చేరి, వాటిని తిన్న చిన్న చేపలలో, వాటిని తిన్న పెద్ద చేపలలో అంతకంతకూ కూడిపోయింది. పిల్లి ఒళ్లు చిన్నది, ఆ ఊళ్లో దాని ఆహారమంతా చేపలే. కనుక మనిషికన్నా ముందే పిల్లి కూలిపోయింది. ఆ విషం మెదడులో శరీరపు తూకాన్ని నిలిపే భాగాన్నీ, చూపును గ్రహించే భాగాన్నీ దెబ్బతీస్తుంది. జనం నాట్యమన్నది నాట్యం కాదు, నిలబడలేని జీవి పడిన యాతన.

హోసొకావా వైద్యుని కథ నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. కారణం తన సంస్థ వ్యర్థజలమేనా అన్న అనుమానం ఆయనకు కలిగింది. 1959 జులై 21 నుండి ఎసిటాల్డిహైడ్ విభాగపు వ్యర్థజలాన్ని నేరుగా ఆహారంలో కలిపి ఒక పిల్లికి పెట్టసాగాడు. ఆ పిల్లి సంఖ్య 400. అక్టోబరులో అది తూలింది, గిరగిర తిరిగింది, గోడకు ఢీకొన్నది. ఇక సందేహం లేదు. కాని యాజమాన్యం ఆ ఫలితాన్ని బయటపెట్టవద్దన్నది, ఆ జలంతో ప్రయోగాలు ఆపమన్నది. వైద్యుడు మౌనం వహించాడు.

ఆ మౌనం విలువ ఎంత? నవంబరు 12న ప్రభుత్వ ఆహార పరిశుభ్రతా మండలి కారణం సేంద్రియ పాదరసమని మంత్రికి నివేదించింది. ఆ పని చేసిన ఉపసంఘాన్ని మరునాడే రద్దుచేశారు. డిసెంబరులో కర్మాగారం వారు ఒక శుద్ధియంత్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించారు. సేంద్రియ పాదరసాన్ని తొలగించే ఉద్దేశంతో అది నిర్మించినదే కాదు. డిసెంబరు 30న రోగులతో "పరామర్శ ధనం" ఒప్పందం కుదిరింది. చనిపోయిన వారికి మూడు లక్షల యెన్లు. ఇకముందు కర్మాగారమే కారణమని తేలినా మరేమీ అడగరాదన్న షరతు అందులో ఉన్నది. 400వ పిల్లి సంగతి తెలిసిన యాజమాన్యం, తెలియని పేదల చేత ఆ సంతకాలు చేయించింది! కళ్లు మూసుకొని పాలు తాగే పిల్లి ఎవరో మీరే చెప్పండి.

ఆ తరువాత ఎనిమిదేళ్లకు పైగా విషం పారుతూనే ఉన్నది. గర్భంలోని శిశువును మావి కాపాడుతుందని వైద్యులు నమ్మేవారు. హరదా మసజుమి వంటి వైద్యుల కృషి వల్ల తల్లి తిన్న విషం శిశువుకు చేరుతుందని 1960లలో తేటతెల్లమయింది. బొడ్డుతాడును భద్రపరచే ఆచారం జపానులో ఉన్నందున, వాటిని పరీక్షించి పాదరసం జాడలు కనుగొన్నారు. 1965లో నీగాతా ప్రాంతంలో మరొక సంస్థ వ్యర్థాల వల్ల ఇదే వ్యాధి బయటపడింది. మినమాతలో ఆ ప్రక్రియను 1968 మే నెలలో ఆపివేశారు. ప్రభుత్వం కారణాన్ని అంగీకరించినది అదే ఏడు సెప్టెంబరు 26న.

1970 జులైలో హోసొకావా మరణశయ్యపై ఉన్నాడు. న్యాయస్థానం వారు ఆసుపత్రికే వచ్చి వాంగ్మూలం తీసుకున్నారు. 400వ పిల్లి కథ ఆయన నోటినే వెలువడింది. అక్టోబరులో కన్నుమూశాడు. 1973 మార్చి 20న కుమమోతో న్యాయస్థానం సంస్థదే బాధ్యత అని తీర్పు చెప్పి, ఆ పరామర్శ ఒప్పందం చెల్లదన్నది. 2004లో అత్యున్నత న్యాయస్థానం ప్రభుత్వానిదీ తప్పేనన్నది. 2001 నాటికి కుమమోతో, కగోషిమా మండలాలలో అధికారికంగా గుర్తించిన రోగులు 2,265 మంది. గుర్తింపు దొరకనివారు అంతకన్నా ఎన్నో రెట్లు.

ఆయనను నిందించాలో నమస్కరించాలో నాకిప్పటికీ తెలియదు. మొదట లోకానికి చెప్పినవాడు ఆయనే, చెప్పవలసిన వేళ చెప్పనివాడూ ఆయనే. పిల్లి మెడలో గంట కట్టడానికి పదకొండేళ్లు ఆలస్యం చేశాడు. ఐనా కట్టాడు. జీతమిచ్చేవాని ముందు నోరు విప్పడం ఎంత కష్టమో ఉద్యోగం చేసిన మనందరికీ తెలుసు. ఆ తెలివిడితోనే ఆయన కథను చదవాలి.

ఇటువంటిదే మరొక ఉదంతం ఇంగ్లండులో జరిగింది. 1990 మే నెలలో బ్రిస్టల్ నగరంలో మాక్స్ అనే సయామీ పిల్లి వింతగా ప్రవర్తించి, తూలిపడి మరణించిందని వార్తలు వచ్చాయి. పరీక్షించగా, 1986లో గుర్తించిన "పిచ్చి ఆవు" వ్యాధి వంటిదే పిల్లి మెదడులో కనబడింది. ఆ వ్యాధి ఒక జాతి నుండి మరొక జాతికి దాటగలదేమోనన్న భయం అప్పుడు కలిగింది. అధికారులు భయం లేదన్నారు. 1996 మార్చి 20న అదే ప్రభుత్వం, మనుషులలో కనబడిన కొత్త వ్యాధికి ఆ పశుమాంసమే కారణమై ఉండవచ్చునని పార్లమెంటులో ఒప్పుకున్నది. అక్కడా పిల్లి ముందే చెప్పింది. వినవలసినవారు వినలేదు.

పాదరసాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒడంబడికను 2013లో కుమమోతోలోనే ఆమోదించారు. దానికి మినమాత పేరే పెట్టారు. అది 2017లో అమలులోకి వచ్చింది. మన దేశం 2018లో చేరింది.

ఇక మన ఇళ్లలోని కూనల మాట. ఆడి అలసి నిద్రపోతే అది ఆటే. తూలినా, చొంగ కార్చినా, గొంతు మారినా, కారణం లేకుండా కరవ వచ్చినా పశువైద్యునికి చూపించండి. మన దేశంలో రేబిస్ భయం పిల్లుల వల్ల కూడా ఉన్నది. కరిచినా రక్కినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు వెళ్లి టీకా సంగతి చూడండి. దిగదుడిస్తే పోయేది కాదది.

మా మనుమరాలికి ఈ కథంతా చెప్పలేదు, చిన్నపిల్ల గదా! "పిచ్చి కాదమ్మా, అది ఏదో చెబుతున్నది. మనం వినాలి" అని మాత్రం అన్నాను. తాను పిల్లికూన దగ్గర కూర్చొని చెవి యొగ్గి చాలాసేపు విన్నది.

మీ అభిప్రాయాలు వ్రాయగలరు. దోషాలుంటే పెద్ద మనసుతో సవరించగలరు.