శౌండికధనము - పాబ్స్టు సౌధము

పాణిని చతుర్థాధ్యాయమున ‘అచ్చటినుండి వచ్చినది’ యను నర్థమున ఆయస్థానములకుఁ బ్రత్యయమును విధించి, వెంటనే శుండికాదులకు వేఱుగ అణ్ప్రత్యయమును జెప్పెను. శుండిక మనఁగా మద్యవిక్రయస్థానము; అచ్చటినుండి వచ్చిన ద్రవ్యము శౌండికము. సుంకపుఁ దావులవలెనే మద్యశాలయు రాజునకు రాబడిచోటనుట దీనివలన స్పష్టము. ఇట్లు పుట్టిన ధనము తుద కెచ్చటఁ జేరునో విచారింపఁదగును.

వాడరేవు, బాపట్ల, రేపల్లె ప్రాంతముల యిసుకనేలలందుఁ దాడిచెట్లు విస్తారము. అయినను కల్లు తీయువారికి మేడలు గట్టించుశక్తి యా చెట్లవలనఁ గలుగలేదు. కల్లు మఱునాఁటికే పులిసి చెడును. దూరదేశములకుఁ బంప వలనుపడదు. దానిపై మిగులు లాభమో, కుంపిణీ నాఁటినుండియు వేలముపాటల మూలమున సర్కారునకును గుత్తదారులకును జేరుచుండెను.

యవసుర యట్టిది గాదు. మొలకెత్తించి యెండించిన యవలను గాఁచి, హాప్సు అను తీఁగ పూవులు చేర్చి, మంచుగడ్డల నడుమ నిలువచేసినచో నెలలతరబడి చెడదు. పీపాలలో నింపి రైళ్లపై నెంతదూరమైనఁ బంపవచ్చును. అమెరికాలోని మిల్వాకీ పట్టణమున శౌండికులను గోటీశ్వరులఁ జేసిన దీ గుణమే.

అచ్చట బెస్టు అను జర్మనుకుటుంబము 1844లో నొక యవసురాశాలను స్థాపించెను. 1836లో జర్మనీలోఁ బుట్టిన ఫ్రెడరికు పాబ్స్టు మిచిగను సరస్సుపైఁ బొగయోడ నడపుచు, 1862లో ఆ యింటికన్యను బెండ్లాడెను. తన యోడ యొడ్డునఁ జిక్కుకొనిన పిమ్మట 1864లో మామగారి వ్యాపారమునఁ బ్రవేశించెను. 1889లో శాల కతని పేరే పెట్టఁబడెను. అతని సౌధము 1892లో ముగిసినది. శిల్పులు ఫెర్రీ, క్లాసు అనువారు. వ్యయము రమారమి 2,54,000 డాలర్లు.

సౌధముకన్న దాని ప్రక్కనున్న మండపము విచిత్రము. 1893 షికాగో ప్రదర్శనమునఁ దన యవసురను జూపుటకై కట్టించిన దానిని పాబ్స్టు విప్పించి తెచ్చి, 1895లో ఇంటికిఁ జేర్చెను. 1904లో నతఁడును, 1906లో భార్యయు గతింపఁగా, 1908లో రోమను కాథలిక్కు మతాధికారులు సౌధమును గొనిరి. ఆర్చిబిషప్పు ఆ సురామండపమునే తన ప్రార్థనామందిరముగ మార్చుకొనెను! మండపశబ్దమున ‘మండము ద్రావునది’ యను నవయవార్థమును విడిచి రూఢ్యర్థమునే గ్రహింపవలెనని శాస్త్రకారులందురు. మండ మనఁగా మద్యపుఁ దేటయుఁ గలదు. శౌండికునకు మండహారకుఁడని యమరమునఁ బేరు. షికాగోలో నవయవార్థమే పొసఁగియుండెను. మతాధికారి చేతిలో రూఢి గెలిచెను.

1920 మొదలు 1933 వఱకు మద్యనిషేధము సాగినపుడు శాలవారు జున్ను అమ్మి నిలిచిరి. 1975లో మతాధికారులు సౌధమును విడిచిపోఁగా, వాహనములు నిలుపుతావునకై దానిని గూల్ప నుద్దేశించిరి. స్థానికసంఘ మొకటి పూనుకొని కాపాడి, 1978లో ప్రజల దర్శనమునకుఁ దెఱచెను. మిల్వాకీలోని యవసురాశాల మాత్రము 1996లో మూఁతపడినది.