ఆట ఎవరిది? – అభిమానుల సవరణలు, పోటీల చరిత్ర

అష్టాచెమ్మ, పులిజూదము, వామనగుంటలు మొదలగు ఆటలు ఆడినవారికి ఒక విషయము చక్కగా తెలియును. ఒక యింటి నియమము పొరుగింట చెల్లదు. కావుననే ఆట మొదలిడుటకు ముందు "మా యింట ఇట్లు, మీ యింట ఎట్లు?" అని అడిగి తెలిసికొనుట పరిపాటి. ఆ యాటలకు యజమాని లేడు. ఆడువారందరు సమ్మతించిన మార్పే నియమమగును. నేటి వీడియో ఆటల సంగతి వేరు. వాని నియమములు యంత్రములోపల వ్రాయబడి యుండును; వానికి యజమాని యుండును. అట్టి యాటను ఆడువారే మార్చదలచినచో ఏమి జరుగును? మనుమలు మన యిండ్లలోనే ఈ యాటలు ఆడుచుండగా, పెద్దలు దీని పూర్వాపరములు ఎరిగియుండుట మంచిదని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

అనుమతి లేకయే చేసిన మార్పు పరోక్షముగ మేలు చేసిన ఉదాహరణము మొదట చెప్పెదము. జపానుదేశపు కాప్‌కామ్ సంస్థవారి 'స్ట్రీట్ ఫైటర్ 2' అను ద్వంద్వయుద్ధపు ఆట 1991లో వెలువడి లోకప్రసిద్ధి గాంచెను. 1992లో దాని 'ఛాంపియన్ ఎడిషన్' రాగా, దానిని మార్చి లాభాపేక్షతో చేసిన నకళ్లు ఆటశాలలలో వ్యాపించెను. వానిని 'రెయిన్‌బో ఎడిషన్' అనిరి. వానిలో పోరు నడుమనే యోధుని మార్చుకొనవచ్చును. గాలిలోనుండి అగ్నిగోళములు విసరవచ్చును. వేగము కూడ హెచ్చు. జనమునకు ఆ వేగము నచ్చెను. ఆ సంస్థయు అదే సంవత్సరము డిసెంబరులో వేగము పెంచిన 'టర్బో' అను క్రొత్త రూపమును తానే విడుదల చేసెను.

ఇక అభిమానులు స్వయముగ చేసిన సవరణల చరిత్రకు వత్తము. వీనిని 'మాడ్‌లు' అందురు. నింటెండో సంస్థవారి 'సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ' 2001లో వెలువడెను. అది అందరికిని వినోదముగ నుద్దేశించినదే అయినను, సాధకులు దానిలో లోతులు కనుగొనిరి. గాలిలో తప్పుకొను కదలికను నేలకు వాలుగ ప్రయోగించి జారిపోవు 'వేవ్ డాష్' అట్టి విద్యలలో నొకటి. 2008లో దాని తరువాతి యాట 'బ్రాల్' వచ్చెను. అందు వేగము తగ్గెను; వేవ్ డాష్ తొలగిపోయెను. అంతేకాక, యోధుడు పరుగెత్తబోవునపుడు ఒక్కొక్కసారి కారణము లేకయే కాలుజారి పడుట చేర్చబడెను. పిల్లలకది నవ్వు పుట్టించును గాని, పోటీలో సంవత్సరముల సాధన యదృష్టమునకు లోబడుట అన్యాయముగ తోచును.

దీనికి ప్రతిగ, ఇంటర్నెట్ ద్వారా కలసికొన్న అభిమానుల బృందమొకటి 'ప్రాజెక్ట్ ఎమ్' అను సవరణకు పూనుకొని, 2011లో తొలి నమూనాను వెలువరించెను. బ్రాల్ ఆటనే మెలీ గుణములతో పునర్నిర్మించుట వారి సంకల్పము. ఆటగాడు తాను కొన్న డిస్కును యంత్రమునందుంచి, మార్పులు గల ఎస్.డి. కార్డును జోడించవలెను. ఆటలో రంగస్థలములు కట్టుకొను విభాగమందలి యొక లోపము ద్వారా ఆ మార్పులు లోనికి ప్రవేశించెడివి. వారు మూల్యమేమియు పుచ్చుకొనలేదు. బ్రాల్‌లో చోటు దక్కని మ్యూటూ, రాయ్ అను యోధులను తిరిగి ప్రవేశపెట్టగా, 2013 డిసెంబరు నాటి 3.0 రూపమున యోధుల సంఖ్య 41 అయ్యెను. అమెరికాలోని ఏపెక్స్ మున్నగు పెద్ద పోటీలలో దానికి చోటు లభించెను. కాని 2015 ఏపెక్స్ పోటీకి నింటెండో సంస్థ పోషకత్వము వహింపగా, ఆ యేట ప్రాజెక్ట్ ఎమ్ కనబడలేదు. ఆ డిసెంబరు 1వ తేదీన బృందము తన పని ముగించినట్లు ప్రకటించెను. ఆ కృషిని తరువాత ఇతరులు 'ప్రాజెక్ట్ ప్లస్' అను పేర కొనసాగించిరి.

ఇంతలో పాత మెలీ ఆటయందే మరొక విధమైన సవరణ పుట్టెను. కంట్రోలర్లు ఏ రెండును సరిగ ఒకే తీరున పనిచేయవు. మంచిది దొరకువరకు ఆటగాండ్రు ఒకదాని తరువాత మరొకటి కొనుచుండిరి. ధనము, అదృష్టము కలవానికే అది మేలు. 2017లో వచ్చిన 'యూనివర్సల్ కంట్రోలర్ ఫిక్స్' ఈ భేదములను చాలవరకు రూపుమాపగా, పోటీల నిర్వాహకులు దానిని స్వీకరించిరి. ఇది ఆటను మార్చుట కాదు. తూకపు రాళ్లను సరిచేయుట వంటిది.

2020 జూనులో, కరోనా వ్యాధివలన జనులు ఇండ్లు వదలలేని కాలమున, 'స్లిప్పీ' అను సవరణ దూరముననున్న ఆటగాండ్రను చక్కగ కలుపు శక్తి సంపాదించెను. ఎదుటివాడు మీట నొక్కిన వార్త చేరులోపుగ వాని కదలికను ఊహించి ఆటను నడపును. ఊహ తప్పినచో క్షణములో వెనుకకు పోయి సరిదిద్దును. దీని సాయముతో 'ది బిగ్ హౌస్' అను పోటీని ఇంటర్నెట్‌లో జరుపదలచిరి. ఆ నవంబరులో నింటెండో సంస్థ, ఆటను అక్రమముగ నకలు చేసి వాడుచున్నారని యాక్షేపించి, ఆపవలసినదని కోరగా ఆ పోటీ రద్దయ్యెను. 2023లో ఆ సంస్థ చిన్న పోటీలకు నియమములు ప్రకటించెను. అవి నవంబరు 15 నుండి యమలయ్యెను. ఎదురెదుర ఆడు పోటీలకు 200 మంది, ఇంటర్నెట్ పోటీలకు 300 మంది హద్దు. మార్పుచేసిన ఆటలకు వానిలో చోటు లేదు.

నిర్మాతకు తన వస్తువుపై హక్కు గలదు. దానిని మేము కాదనము. నకళ్లమ్ము వానిని, ప్రతిఫలము కోరక లోపము దిద్దువానిని ఒకే గాట కట్టుట మాత్రము న్యాయముగ తోచదు. నిర్మాత పట్టించుకొనుట మానిన పాత యాటకు ఆయుర్దాయము పోసినవారు సాధకులే. అట్టివారికి నియతమైన యనుమతి మార్గమొకటి యుండుట ఉభయులకును క్షేమము.

పరప్రాంతములందు స్థిరపడిన మనకు ఈ సంగతి క్రొత్త గాదు. పెద్దలు తెచ్చిన పలుకును మన యవసరమునకు తగినట్లు సవరించుకొనుచు నిలుపుకొంటిమి. అది శుద్ధము కాదని యాక్షేపించిన వారును గలరు. అయినను పలుకనిదే భాష నిలువదు. ఆడనిదే ఆటయు నిలువదు. మన పిల్లలు ఇట్టి సవరణలతో ఆడుచున్నట్లు కనబడినచో, వెంటనే కోపింపక, అది యెవరి వస్తువు, ఎవరి శ్రమ, ఎవరి యనుమతి అను మూడు ప్రశ్నలను వారిచేతనే ఆలోచింపజేయుదురు గాక.